లకుముకి కాలివేళ్లు

కుతైసిలో, షోతి రొట్టెల బట్టీ మీది అంతస్తు.
మెట్లెక్కేసరికి నా కోటు నిండా కాలిన పిండి వాసన.
సంచిలోంచి సీసా తీసి లాయర్ బల్ల మీద పెట్టాను.
"మంచి వైనేనా?" అంది త్సిసానా.
"తాగలేదు" అన్నాను.

సీసా మీద నా లకుముకి పిట్ట.
పదకొండేళ్ల కిందట పిల్లల వాచకానికి గీసింది.
తలకిందులుగా రియోని నదిలోకి దూకుతూ,
ముక్కు కొన నీటిని తాకడానికి
ఒక్క రెప్పపాటు ముందు.
నదిని ఎవరో కత్తిరించేశారు.
పిట్ట ఇప్పుడు ద్రాక్షగుత్తి మీదికి దూకుతోంది.
"లకుముకి ద్రాక్షపళ్లు తినదండీ" అన్నాను,
అసలు నేరం అదే అయినట్టు.

ఆమె నవ్వలేదు.
"నీదేనని ఎట్లా చెబుతావు?"

కాలివేళ్లు చూడమన్నాను.
లకుముకికి ముందు వేళ్లు మొదట్లో అతుక్కుని ఉంటాయి.
అప్పట్లో నాకు తెలీదు, పిచ్చుక వేళ్లు తగిలించాను.
బడిపంతులొకాయన ఉత్తరం రాసి మరీ తిట్టాడు.
ఇదిగో ఉత్తరం. ఇదిగో సీసా. అవే పిచ్చుక వేళ్లు.
నా సంతకం చెరిపారు గానీ
నా తప్పు చెరపడం వాళ్లకి తెలీలేదు.

"తేదీ ఉన్న తిట్టు" అంది ఆమె, ఉత్తరాన్ని ఫైల్లో పెడుతూ,
"బంగారంలాంటి సాక్ష్యం."

తర్వాత పుస్తకం వాళ్లతో రాసుకున్న కాగితం అడిగింది.
ఆ డబ్బుతో కొన్న పొయ్యి గుర్తుంది నాకు,
ఏం రాసిచ్చానో గుర్తులేదు.
వేలితో ఒక్కో వరుసా తడుముతూ చదివి
ఒకచోట ఆగింది.
'ఈ పుస్తకానికి మాత్రమే.'
"ఈ 'మాత్రమే' ఎవరు పెట్టించారు?"
"మా అక్క ఎతేరి. లెక్కల టీచరు.
మందుచీటీని కూడా అనుమానంగా చదివే మనిషి."
"వెళ్లేటప్పుడు ఆవిడకి పూలు కొనుక్కెళ్లు."

అప్పుడు వేళ్లు మడవడం మొదలుపెట్టింది.
నోటీసు పంపొచ్చు: లేబుల్ తీసెయ్యండి, పదిహేను రోజుల్లో.
లేదా, ఉండనివ్వండి, పేరు వేసి ధర కట్టండి.
లేదా దావా. అమ్మకం ఆపించి,
ఎన్ని సీసాలు పోయాయో లెక్క రాబట్టి, పరిహారం...
రెండు చలికాలాలు పడుతుంది, మూడోది కూడా పట్టొచ్చు.
బొటనవేలు దగ్గర ఆగింది.
"ఊరుకోవడం. దానికి ఫీజు లేదు."
ఆ చేతినే చూస్తున్నాను నేను.
విడివిడిగా కనిపిస్తున్నాయి గానీ
అన్నీ ఒక్క అరచేతిలోంచే మొలిచాయి.
నోటీసు అడుగున దావా ఉందని తెలిస్తేనే కదా
ఎవడైనా ధర మాట్లాడేది!

"ఇంతకీ నీకేం కావాలి?"

ఇన్ని ప్రశ్నల్లో దీనికే నా దగ్గర కాగితం లేదు.
కింద బట్టీలో ఎవరో రొట్టె ఊడదీస్తున్న చప్పుడు.
"నా నది" అన్నాను చివరికి.
ఆమె రాసుకుంది. కొట్టేసింది.
"కోర్టుకి నది అర్థం కాదు.
'రచయిత అనుమతి లేకుండా రచనను వికృతం చేయడం' అందాం.
నదంటే అదే."

నోటీసు వెళ్లి తొమ్మిది రోజులైంది.
వైన్ కంపెనీ
తేలు కుట్టిన దొంగలా కిక్కురుమనడం లేదు.
కిరాణా కొట్లో మాత్రం ఆ సీసా ధర రెండు లారీలు తగ్గింది.
పరుగు మొదలైందో,
పండగ తగ్గింపో.

రాత్రి నిద్ర పట్టక మళ్లీ గీశాను.
నది గీశాను. ముక్కు. రెప్పపాటు.
ఈసారి వేళ్లు అతికించాను, పంతులుగారు మెచ్చుకునేలా.
దీపం దగ్గరగా పెట్టి చూశాను.
ఒక్క తప్పూ లేదు.
ఎవరు గీసిందైనా కావచ్చు.